బడులు తెరిచే జూన్ 12న ఎంతమంది టీచర్లు తిరిగొస్తారు? ఒక ప్రైవేటు హైస్కూలు కేస్ స్టడీ

ఈ కేసులోని బడి నల్లగొండ జిల్లాలో, దేవరకొండ వైపు ఒక మండల కేంద్రంలో ఉన్న ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం హైస్కూలు. ఏ ఒక్క బడినీ, ఏ ఒక్క మనిషినీ గుర్తుపట్టే వీలు లేకుండా, దక్షిణ తెలంగాణలోని ఇలాంటి బడుల్లో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే వివరాలను ఒకే బడిగా కూర్చి రాశాం. కాబట్టి ఇందులోని అంకెలు సర్వే అంకెలు కావు. లెక్క ఎలా వేసుకోవాలో చూపడానికే వాటిని ఇచ్చాం.

ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా 16 సెక్షన్లు. సబ్జెక్టు టీచర్లు 15 మంది, ప్రీ ప్రైమరీకి ఇద్దరు, పీఈటీ (ఆటల టీచర్) ఒకరు, కంప్యూటర్ టీచర్ ఒకరు. వాళ్ళ పైన అకడమిక్ ఇన్‌చార్జి, ప్రిన్సిపాల్, అందరి పైన యాజమాన్యం తరఫున బడి నడిపే కరస్పాండెంట్. టీచర్లలో ఎక్కువమంది ఆడవాళ్ళు. సగం మందిది ఆ ఊరే, మిగతావాళ్ళు నల్లగొండ నుంచో, కొండమల్లేపల్లి నుంచో రోజూ ఆర్టీసీ బస్సులో వచ్చిపోతారు.

2024-25లో 15 మంది సబ్జెక్టు టీచర్లలో ఏడుగురు వెళ్ళిపోయారు. "డబ్బు కోసం పోయిండ్రు, మనం ఆపగలమా" అన్నది యాజమాన్యం మాట. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చడంతోనే, టీచర్లు వెళ్ళిపోవడాన్ని తగ్గించే పని మొదలైంది.

ముందు వేరు చేయాల్సింది

ఏడుగురిలో ఇద్దరు సర్కారు టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో ఎంపికైనవాళ్ళు. 11,062 పోస్టుల 2024 డీఎస్సీకి నియామక పత్రాలు అక్టోబరు 9న ఇచ్చారు. చదువుల ఏడాది నడుమ, ఎస్ఏ-1 పరీక్షల ముందర రెండు సబ్జెక్టులు ఖాళీ అయ్యాయి. ఇంకొకరు పెళ్ళయి హైదరాబాద్ వెళ్ళారు. ఈ ముగ్గురినీ ఏ ప్రిన్సిపాలూ ఆపలేడు, ఆపాలని చూడటమూ తప్పే. సర్కారు కొలువు వచ్చినవాళ్ళను బడి మొత్తం ముందు శాలువా కప్పి పంపితే మిగిలినవాళ్ళకు ఆ బడి మీద గౌరవం పెరుగుతుంది. సర్టిఫికెట్ల కోసం పదిసార్లు తిప్పించుకుంటే ఆ సంగతి ఊరంతా తెలుస్తుంది.

మిగిలిన నలుగురు పక్కనే ఉన్న వేరే ప్రైవేటు బడులకు వెళ్ళారు. ముగ్గురికి అక్కడ నెలకు 1,000 నుంచి 1,500 రూపాయలు ఎక్కువ. నాలుగో ఆమె అదే జీతానికి వెళ్ళింది. ఈ కేసంతా ఆ నలుగురి గురించే.

వెళ్ళేవాళ్ళను చివరి రోజున కారణం అడిగితే పనికొచ్చే జవాబు రాదు. ఆఖరి నెల జీతం, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంకా ఆఫీసులోనే ఉంటాయి. "ఇంట్ల ప్రాబ్లం సార్" అని చెప్పి వెళ్ళిపోతారు. రెండు మూడు నెలలు ఆగి, బడికి సంబంధం లేని మనిషితో ఫోన్ చేయించాలి. పావుగంట చాలు. "ఎందుకు మానేశారు" అని కాకుండా "బడి మారాలని మొదటిసారి అనిపించిన రోజు ఏం జరిగింది" అని అడగాలి. కారణం అడిగితే మర్యాద కోసం ఏదో ఒకటి చెబుతారు. ఆ రోజు గురించి అడిగితే జరిగింది చెబుతారు.

నలుగురూ నాలుగు రోజులు చెప్పారు. ఒకరిని తల్లిదండ్రుల ముందు ఆఫీసుకు పిలిచి నిలబెట్టి అడిగారు. ఒకరికి ఏప్రిల్‌లో పది అడ్మిషన్ల టార్గెట్ ఇచ్చి, తేకపోతే మే జీతం రాదన్నారు. ఒకరికి జ్వరంతో వచ్చిన రోజున, సెలవులో ఉన్నవాళ్ళ బదులు వెళ్ళాల్సిన మూడు సబ్‌స్టిట్యూషన్లు వేశారు. ఒకరికి ఆగస్టు జీతం సెప్టెంబరు 22న అందింది, అదీ నాలుగుసార్లు అడిగాక. జీతం తక్కువన్న మాట నలుగురూ చెప్పారు గానీ, ఒక్కరూ దాన్ని ముందు చెప్పలేదు. పక్క బడి ఇచ్చిన వెయ్యి రూపాయలు తలుపు తెరిచాయి. తలుపు దాకా నడిపించింది మాత్రం ఆ రోజే.

న్యూయార్క్ నగర బడుల్లో కొత్త టీచర్ల మీద 2011లో వచ్చిన ఒక పరిశోధన కూడా ఇలాంటి మాటే చెప్పింది. పని పరిస్థితులన్నిటిలోనూ టీచరు ఉండటాన్ని, పోవడాన్ని ఎక్కువగా తేల్చింది బడి నడిపేవాళ్ళ తీరు మీద టీచరుకున్న అభిప్రాయమే. అక్కడి జీతాలు, యూనియన్లు వేరు కాబట్టి ఆ లెక్కలను ఇక్కడికి తెచ్చుకోలేం. కానీ ఎటు చూడాలో అది చెబుతుంది.

టైంటేబుల్ లెక్క

రోజుకు 40 నిమిషాల పీరియడ్లు 8, వారానికి 48. ప్రీ ప్రైమరీ రెండు సెక్షన్లు పోగా 14 సెక్షన్లకు 672 పీరియడ్లు. ఒక్కో సెక్షన్‌కు వారంలో 3 పీఈటీ, 2 కంప్యూటర్ పీరియడ్లు తీసేస్తే మిగిలేవి 602. వాటిని 15 మందికి పంచితే ఒక్కొక్కరికి 40. లీజర్లు, అంటే పాఠం లేని పీరియడ్లు, 8.

ఎనిమిది లీజర్లంటే 320 నిమిషాలు. ఐదు సెక్షన్లకు చెప్పే ఇంగ్లిష్ టీచర్ దగ్గర సెక్షన్‌కు 35 చొప్పున 175 నోట్‌బుక్కులుంటాయి. ఒక్కోటి రెండు నిమిషాల్లో చూసినా 350 నిమిషాలు. అంటే ఒక్క లీజరూ పోకుండా ఉన్నా కరెక్షన్ పూర్తి కాదు. పైగా ఎవరైనా సెలవు పెడితే సబ్‌స్టిట్యూషన్ ఆ లీజర్లలోంచే పోతుంది. మిగిలిన నోట్‌బుక్కులు సంచిలో ఇంటికి వెళ్తాయి. విద్యాహక్కు చట్టం షెడ్యూలు టీచరుకు వారానికి 45 గంటలని చెప్పిన చోటే, అందులో ప్రిపరేషన్ గంటలు కూడా కలిసే ఉంటాయని చెప్పింది. చాలా యాజమాన్యాలు మొదటి సగమే చదువుతాయి.

సబ్‌స్టిట్యూషన్ రిజిస్టరును రెండు నెలల వెనక్కి తిప్పి, పేర్ల పక్కన గీతలు పెట్టి లెక్కించారు. మొత్తం సబ్‌స్టిట్యూషన్లలో సగానికి పైగా ముగ్గురి మీదే పడ్డాయి. ముగ్గురూ ఆ ఏడాది చేరినవాళ్ళు, "సరే సార్" తప్ప ఇంకో మాట అనరు. కొన్ని చోట్ల ముందు సీనియర్ పేరు పెన్సిల్‌తో రాసి, చెరిపి, పైన వీళ్ళ పేరు రాసిన మరకలు కనిపించాయి. ఎవరూ కుట్రతో చేసింది కాదిది. ఉదయం 8.50కి ఇన్‌చార్జి చేతిలో ఐదు నిమిషాలే ఉంటాయి, ఎదురు చెప్పనివాళ్ళ పేరే ముందు తడుతుంది. కానీ మోసేవాళ్ళకు ఆ ఐదు నిమిషాల సంగతి తెలియదు. తమ పేరు మూడోసారి కనిపించడమే తెలుస్తుంది.

భారం తగ్గించడానికి ఇద్దరు కొత్త టీచర్లు కావాలని మొదటి అంచనా. 602ని 36తో భాగిస్తే దాదాపు 17 మంది కావాలి. కరస్పాండెంట్ ఒక్క పోస్టుకే ఒప్పుకున్నారు. అప్పుడు ఇంకో దారి చూశారు. అప్పటిదాకా ఒక్క క్లాసూ తీసుకోని ఇన్‌చార్జికి వారానికి 12 పీరియడ్లు, ప్రిన్సిపాల్‌కు 6. మిగిలిన 584ను 16 మందికి పంచితే తలా 36 లేదా 37. రోజుకు దాదాపు రెండు లీజర్లు. ఒకటి తాళం వేసింది, ఎవరూ ముట్టుకోకూడదు. రెండోది మాత్రమే సబ్‌స్టిట్యూషన్‌కు. ఒకరికి వారంలో మూడుకు మించి వేయకూడదు. మనిషి దొరక్కపోతే ప్రిన్సిపాల్ వెళ్ళాలి, లేదా రెండు సెక్షన్లను లైబ్రరీలో కలిపి కూర్చోబెట్టాలి.

ప్రిన్సిపాల్ చెప్పే ఆ 6 పీరియడ్లకు పీరియడ్ల లెక్కను మించిన విలువ ఉంది. ఏడో తరగతి లెక్కలు తీసుకున్న ప్రిన్సిపాల్‌కు రెండు వారాల్లోనే 35 నోట్‌బుక్కుల బరువు తెలిసింది. "సాయంత్రానికి కరెక్షన్ అయిపోవాలె" అన్న మాట ఆ తర్వాత ఆయన నోటి నుంచి రాలేదు.

తప్పు చెప్పే పద్ధతి

టీచర్లు ఎక్కువగా నొచ్చుకునేది ఇక్కడే, బడి పెద్దలు తక్కువగా పట్టించుకునేదీ ఇక్కడే. అసెంబ్లీలో పిల్లల ముందు "కొందరు టీచర్లు లేటుగా వస్తున్నరు" అనడం, రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో ఒకరి తప్పు ఫొటో తీసి పెట్టడం, సీసీ కెమెరాలో చూసి మైకులో పేరు పిలవడం. ఒక్కోటీ చిన్నదే అనిపిస్తుంది. కానీ ఈ ఊళ్ళలో టీచరు పాఠం చెప్పే పిల్లలు ఆ టీచరు వీధి పిల్లలే. బడిలో పడ్డ మాట సాయంత్రానికి ఇంటికి చేరుతుంది.

పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి. తప్పు కనిపించిన 24 గంటల్లోపు, ఒంటరిగా, నోట్‌బుక్కో డైరీయో ముందు పెట్టుకుని చెప్పాలి. గ్రూపులో సాయంత్రం ఆరు దాటాక బస్సు, సెలవు సమాచారం తప్ప ఏదీ రాకూడదు. క్లాసు చూడటానికి వెళ్తే 20 నిమిషాలు, ఫోన్ జేబులోనే. బయటికి వచ్చాక బాగున్నది ఒకటి, మార్చాల్సింది ఒకటి చెప్పాలి. మార్చాల్సినవి ఐదు చెబితే ఏదీ మారదు.

తల్లిదండ్రుల ఫిర్యాదు వచ్చినప్పుడు టీచరును వెంటనే పిలిపించడం మానేశారు. ముందు తల్లిదండ్రులు చెప్పింది ప్రిన్సిపాల్ రాసుకుంటారు, "రెండు రోజుల్ల చెప్త" అని పంపుతారు. తర్వాత టీచరు మాట వింటారు. అవసరమైతే ముగ్గురూ కూర్చుంటారు, అందరికీ కుర్చీలుంటాయి. అదే జీతానికి వేరే బడికి వెళ్ళిన ఆమె చెప్పిన రోజున ఆఫీసులో ఆమెకు తప్ప అందరికీ కుర్చీ ఉంది.

టీచరు పక్కన నిలబడటమంటే తప్పును కప్పిపుచ్చడం కాదు. ఒక టీచరు పిల్లవాణ్ని కొట్టినట్టు తేలింది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 దాన్ని నిషేధించింది, అందులో బేరం లేదు. లిఖితపూర్వకంగా చర్య తీసుకున్నారు. కానీ విచారణ అయ్యాకే, ఆఫీసు తలుపు వేసుకునే. మిగిలిన టీచర్లు దీన్ని అన్యాయమనలేదు.

జీతం తేదీ, పత్తి రేటు

ఈ ప్రాంతంలో ఫీజులు పంటను బట్టి వస్తాయి. పత్తి అమ్మకాలు అక్టోబరు చివర మొదలై సంక్రాంతి దాటేదాకా నడుస్తాయి, యాసంగి వడ్లు ఏప్రిల్, మేలో. జూన్‌లో పుస్తకాలకు, యూనిఫాంకు ఇచ్చినంత ఇచ్చాక, జులై నుంచి దసరా దాకా బడి చేతిలో పైసలు ఆడవు. జీతాలు ఆలస్యమయ్యేది సరిగ్గా అప్పుడే. యాజమాన్యం దురుద్దేశం కన్నా లెక్క లేకపోవడమే ఇక్కడ కారణం.

సగటున నెలకు 14,000 అనుకుంటే 16 మందికి 2,24,000. రెండు నెలలకు 4,48,000. ఏప్రిల్, మే వసూళ్ళలోంచి ఈ సొమ్మును వేరే ఖాతాలో వేసి, బస్సు రిపేరుకైనా ముట్టకూడదని నిర్ణయించారు. జీతం తేదీ 5. ఆలస్యమయ్యేట్టుంటే 1వ తేదీకే ప్రిన్సిపాల్ స్టాఫ్ రూంకు వచ్చి ఏ తేదీన వస్తుందో చెప్పాలి. మొదటి ఏడాది సెప్టెంబరులో సొమ్ము చాలక 11న ఇచ్చారు. ముందే చెప్పడంతో ఎవరూ ఆఫీసు చుట్టూ తిరగలేదు, ఒకరిద్దరు చిట్టీ వాయిదా సర్దుకున్నారు.

మే జీతం సంగతి ఇంకా పెద్దది. పది నెలల జీతమిచ్చి ఏప్రిల్‌లో పంపేసే బడికి జూన్ 12న తిరిగి రావాల్సిన పనేమీ టీచరుకు ఉండదు. మేలో ఇంకో బడి డెమో క్లాసుకు పిలిస్తే వెళ్తుంది. సగం మేలో, సగం జూన్ నెలాఖరుకు అన్న పద్ధతి కొన్ని బడుల్లో ఉంది గానీ, అది కూడా పట్టి ఉంచినట్టే అనిపిస్తుంది. ఏడాది పూర్తి చేసినవాళ్ళకు మే జీతం మొత్తం మేలోనే ఇవ్వాలన్నది ఈ కేసులో తీసుకున్న నిర్ణయం.

20 మంది, అంతకు మించి పనిచేసే బడికి పీఎఫ్ తప్పనిసరి. 14,000 మీద యాజమాన్యం వాటా 12 శాతం, అంటే 1,680. గ్రాట్యుటీ టీచర్లకు వర్తించదని ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. గ్రాట్యుటీ చట్టానికి చేసిన 2009 సవరణ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా టీచర్లను అందులో చేర్చింది, సుప్రీంకోర్టు 2022లో ఆ సవరణను సమర్థించింది. ఐదేళ్ళు నిండిన టీచరుకు 14,000 చివరి జీతం మీద దాదాపు 40,385 రూపాయలు వస్తుంది. ఏటా ఏప్రిల్‌లో మాన్పించి జూన్‌లో కొత్తగా చేర్చుకున్నట్టు కాగితం రాసే బడులు ఈ సొమ్ము మిగిలిందనుకుంటాయి. ఐదో ఏడు టీచరు చేజారడం ఆ లెక్కలోకి రాదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకునే అలవాటును పూర్తిగా మానేశారు. జిరాక్సులు చూసి, ఒరిజినల్స్‌తో పోల్చి, అక్కడికక్కడే తిరిగి ఇచ్చేశారు. బదులుగా ఒక నెల ముందు చెప్పాలన్న ఒప్పందం. దీన్ని కరస్పాండెంట్ చివరిదాకా వద్దన్నారు. ఆయన భయం పూర్తిగా తప్పనలేం. ఒకరు వారం ముందే చెప్పి వెళ్ళిపోయారు. కానీ కాగితాల కోసం ఉన్న మనిషి బడిలో ఉంటుందే తప్ప పాఠం చెప్పదు.

అడ్మిషన్ల టార్గెట్లు ఎత్తేశారు. ఏప్రిల్ ఎండలో తండాలు తిరిగే పని ప్రిన్సిపాల్, ఆఫీసు స్టాఫ్, బస్సు డ్రైవర్లు పంచుకున్నారు. ఏ ఇంట్లో పిల్లలున్నారో డ్రైవర్లకే బాగా తెలుసు.

సంక్రాంతి తర్వాత మాటలు

జనవరిలో సంక్రాంతి సెలవుల తర్వాత, రోజుకు ఇద్దరు టీచర్ల చొప్పున, ఒక్కొక్కరితో 20 నిమిషాలు మాట్లాడారు. మార్చి దాకా ఆగితే అప్పటికే మనసు వేరే బడిలో ఉంటుంది. మొదటి ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఒకటే.

"ఏం లేదు సార్, అంతా మంచిగనే ఉంది."

"సరే మేడం. వచ్చే ఏడాది టైంటేబుల్ల ఒక్కటి మార్చుకోమంటే ఏం మారుస్తరు?"

"శనివారం మీటింగ్ సార్. నాలుగున్నర బస్సు పోతే ఆరింటి దాక బస్టాండ్ల కూసుంటున్న. ఇంట్ల చిన్న పాప ఉన్నది."

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఇరవై కిలోమీటర్ల అవతలి బడి ఇప్పుడు అంతే సులువుగా అందుతుంది. చార్జీ మిగలదని ఇక్కడే ఉండిపోయిన టీచరు ఇక బస్సు టైము చూసుకుని బడి ఎంచుకుంటుంది. శనివారం మీటింగ్‌ను ఎనిమిదో పీరియడ్‌లోకి మార్చి, ఆ సమయంలో పిల్లలను పీఈటీకి, ఇన్‌చార్జికి, ప్రీ ప్రైమరీ టీచర్లకు అప్పగించారు. అరగంటలో ముగించాలి. ఖర్చు ఒక్క రూపాయి లేదు.

ఈ మాటలు మొదట దెబ్బతిన్నాయి. మొదటి ముగ్గురితో కరస్పాండెంట్ తన గదిలో, జీతాల ఫైలు టేబుల్ మీద పెట్టుకుని మాట్లాడారు. ముగ్గురూ తలూపి వచ్చేశారు. తర్వాత ప్రిన్సిపాల్ లైబ్రరీలో కూర్చుని, ఫైలు లేకుండా మళ్ళీ మొదలుపెట్టారు. చెప్పినదాన్ని వాళ్ళ ముందే రాసి, ఏది ఎవరు ఏ తేదీకి చేస్తారో పక్కన వేశారు. కుదరనిదాన్ని కుదరదని అప్పుడే చెప్పారు. అడిగి పదిహేను రోజులైనా ఏమీ చేయకపోతే, అడగకపోవడమే మేలు.

తాళం వేసిన లీజర్ కూడా నిలబడలేదు. ఎఫ్ఏ-2 పరీక్షల సమయంలో ఇన్‌చార్జి తొమ్మిది రోజులు వాటిని వాడేశారు. ప్రిన్సిపాల్ సంతకం చేసిన చీటీ లేకుండా ముట్టకూడదన్నాకే ఆగింది.

సర్కారు బడుల్లో ఈ కథ వేరే రూపంలో నడుస్తుంది. అక్కడ టీచరు ఉద్యోగం మానరు, వర్క్ అడ్జస్ట్‌మెంట్ (తాత్కాలిక సర్దుబాటు) మీద వేరే బడికి వెళ్తారు, లేదా బదిలీ ఆప్షన్లలో ఆ బడిని ఆఖరున పెడతారు. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు దూరం బడుల్లో హెడ్మాస్టర్ జీతం పెంచలేరు, బదిలీ ఆపలేరు. కానీ పీరియడ్ల పంపకం, ఆన్‌లైన్ ఎంట్రీల పని ఒక్కరి మీదే పడకుండా చూడటం, తప్పు చెప్పే తీరు మాత్రం ఆయన చేతిలోవే.

మరుసటి ఏడాది ముగ్గురు వెళ్ళారు. ఇద్దరు కుటుంబంతో ఊరు మారినవాళ్ళు. డీఎస్సీ నియామకాలు జరిగిన ఏడాదినీ జరగని ఏడాదినీ మొత్తం సంఖ్యతో పోల్చకూడదు. ఆపగలిగినవాళ్ళనే లెక్కిస్తే అంతకు ముందు నలుగురు, ఇప్పుడు ఒకరు. ఒక్క ఏడాది లెక్కతో తేల్చుకోవడం తొందరపాటే.

ఆ ఒక్కరు వెళ్ళిన కారణం ఈ మార్పుల్లోంచే పుట్టింది. కొత్త పోస్టుకు మనిషి దొరకక 15,000కు తీసుకున్నారు. ఆరేళ్ళుగా ఉన్న టీచరు జీతం 13,500. ఆ సంగతి స్టాఫ్ రూంలో వారం దాగలేదు. ఆరేళ్ళు ఉన్నందుకు తగ్గించినట్టయింది. పూర్తయిన ప్రతి ఏడాదికి 500 కలపాలని ప్రిన్సిపాల్ కాగితం పెట్టారు, కరస్పాండెంట్ ఇంకా సంతకం చేయలేదు. ఇప్పుడు ఆయన టేబుల్ మీద 16 పేర్ల జాబితా ఉంది. ఒక వరుసలో చేరిన తేదీ, పక్క వరుసలో జీతం. ఏప్రిల్ ఆఖరి పని దినంలోపు ఆ రెండు వరుసలు సరిపోవాలి.